ఎరిక్ బోగల్ గల్లిపోలి పాట: అర్ధశతాబ్దం దాటినా ఎందుకింతగా కలచివేస్తోంది?

సిడ్నీ_శ్రోత:

సభ్యులందరికీ నమస్కారం. యుద్ధ వ్యతిరేక గీతాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చ బాబ్ డిలన్, జాన్ లెనన్‌ల దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతోంది. వారి పాటల గొప్పతనాన్ని నేను కాదనను గానీ, నేను స్థిరపడిన ఆస్ట్రేలియాలో జనం గుండెల్లో అంతకంటే లోతుగా నాటుకున్న పాట ఒకటుంది. దాని గురించి తెలుగులో వివరంగా మాట్లాడుకోవాలని చాలాకాలంగా కోరిక.

ఆ పాట పేరు 'అండ్ ద బ్యాండ్ ప్లేడ్ వాల్ట్‌జింగ్ మటిల్డా'. రాసినవారు ఎరిక్ బోగల్. ఆయన 1944లో స్కాట్లండ్‌లోని పీబుల్స్ అనే ఊళ్ళో పుట్టి, 1969లో ఆస్ట్రేలియాకు వలస వచ్చారు. 1971లో కాన్‌బెర్రాలో ఆన్‌జాక్ దినోత్సవ కవాతును చూసి ఈ పాట కట్టారు. ఏటా ఏప్రిల్ 25న జరిగే ఆ దినోత్సవం, 1915లో అదే తేదీన టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పం మీద ఆస్ట్రేలియా, న్యూజీలండ్ సైనికులు దిగిన రోజుకు స్మారకం. ఎనిమిది నెలల పోరాటం తరువాత సైన్యాలు వెనుదిరిగాయి. ఆస్ట్రేలియా ఒక్కటే అక్కడ ఎనిమిది వేలమందికి పైగా యువకులను పోగొట్టుకుంది. టర్కుల వైపు నష్టం దానికి ఎన్నో రెట్లు.

పాటంతా ఒక ముసలి సైనికుడు చెప్పుకునే కథ. పడుచు వయసులో మూటాముల్లె భుజాన వేసుకొని స్వేచ్ఛగా దేశమంతా తిరుగుతున్న మనిషికి 1915లో ప్రభుత్వం తుపాకీ ఇచ్చి ఓడ ఎక్కిస్తుంది. రేవులో జెండాలు, కేకలు, కన్నీళ్ళు, బ్యాండు మేళం. తీరం మీద ఊచకోత. ఆ తరువాత తెగిపడిన రెండు కాళ్ళు. ఇంటికి తెచ్చిన ఓడ సిడ్నీలోని సర్క్యులర్ కీ రేవులో ఆగినప్పుడు, దిగివచ్చే క్షతగాత్రులను చూసి జనం చప్పట్లు కొట్టరు, కాసేపు తేరిపార చూసి ముఖాలు తిప్పుకుంటారు. చివరి చరణంలో అతడు ముసలివాడై వసారాలో కూర్చుని, పాత మిత్రుల కవాతును చూస్తూ ఉంటాడు. వీళ్ళు ఎందుకు నడుస్తున్నారని చిన్నపిల్లలు అడిగితే, ఆ ప్రశ్నే తనలోనూ ఉందంటాడు.

గల్లిపోలి గురించి రాసినా, 1971లో విన్నవారికి అది వియత్నాం గురించిన పాటే. ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళ పుట్టినతేదీలను లాటరీ తీసినట్టు తీసి, ఆ తేదీ వచ్చినవాళ్ళను నిర్బంధంగా సైన్యంలోకి పంపిన కాలమది. అంతకు ముందటి ఏడాది మే నెలలో మెల్‌బోర్న్ వీధుల్లో వేలకు వేలమంది ఆ యుద్ధం ఆపమని నడిచారు.

ఆ యుద్ధం ముగిసిపోయింది. నిర్బంధ సైనిక సేవ 1972లో రద్దయింది. గల్లిపోలిలో పోరాడినవారు ఒక్కరూ మిగల్లేదు. అయినా ఈ పాట వింటే, ఆ దేశంతో ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని నాలాంటి తెలుగువాడికి కూడా గొంతు పూడుకుపోతుంది. ఆనాటి నినాదాల పాటలు ఎన్నో ఈనాడు చరిత్ర పాఠాలుగా మిగిలిపోగా, ఇది ఇంకా పచ్చిగాయంలా ఉండడానికి కారణమేమిటో మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

శ్రుతిలయ:

మంచి పాటను ముందుకు తెచ్చారు, ధన్యవాదాలు. సంగీతం వైపు నుంచి ఒక మాట చెబుతాను. దీని బలమంతా పల్లవిలో ఉందని నా నమ్మకం.

'వాల్ట్‌జింగ్ మటిల్డా' అనేది 1895లో బ్యాంజో పాటర్‌సన్ రాసిన పాట. ఆస్ట్రేలియన్లకు అది అనధికార జాతీయగీతం. అందులో కథానాయకుడు మూట మోసుకు తిరిగే ఒక దేశదిమ్మరి. ఒక గొర్రెను దొంగిలించి, రక్షకభటులు పట్టుకోబోతే చిక్కకుండా మడుగులో దూకి ప్రాణం తీసుకుంటాడు. ఏలినవారి చేతికి చిక్కడం కంటే చావు మేలనుకున్న మనిషి పాట అది. దాన్నే బ్యాండు మేళం వాయిస్తుండగా, అదే తీరు దిమ్మరిని ఏలినవారు యూనిఫాం తొడిగి చావుకు పంపుతున్నారు. బోగల్ ఈ వైరుధ్యాన్ని ఎక్కడా విప్పి చెప్పలేదు. ఆ దేశపు శ్రోతకు చెప్పవలసిన అవసరమూ లేదు.

ఇక చరణాల చివర వచ్చే బ్యాండు ప్రస్తావన చూడండి. మొదట సాగనంపేటప్పుడు అది ఉత్సాహం, తరువాత శవాలను పూడ్చేటప్పుడు అదే మేళం, కుంటివాళ్ళను ఓడ దించేటప్పుడూ అదే. మన కీర్తనల్లో ప్రతి చరణం తరువాత పల్లవి కొత్త అర్థంతో తిరిగి రావడం మనకు అలవాటే. ఇక్కడ పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ అర్థం కొంత చచ్చిపోతూ వస్తుంది. అన్నీ అయిపోయాక, అంతవరకు పేరు మాత్రమే విన్న ఆ పాత పాటను అసలు బాణీలో నెమ్మదిగా పాడతారు. చిన్నప్పుడు బడిలో హుషారుగా పాడుకున్న పాట శోకగీతంగా చెవిన పడినప్పుడు తట్టుకోవడం కష్టం.

మాజీ_హవల్దారు:

అయ్యా, నేను ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేసినవాడిని. మా పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా అక్కడివాళ్ళు సైన్యంలో చేరుతున్నారు కనుక దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మా బంధువులు ఆ ఊళ్ళో ఉన్నారు. అటువంటి ఊళ్ళలో యుద్ధ వ్యతిరేక గీతం అన్న మాట వినగానే మనసు ముడుచుకుంటుంది. ఆ మాట వెనుక, సైనికుడు మోసపోయిన అమాయకుడనో, లేకుంటే హంతకుడనో అర్థం దాగి ఉంటుంది. ప్రాణాలొడ్డి నిలబడ్డవాడికి ఈ రెండూ అవమానమే. గల్లిపోలిలో భారత సైన్యానికి చెందిన సిక్కులు, గూర్ఖాలు, కొండ ఫిరంగి దళాలవారు, కంచరగాడిదలు తోలినవారు కూడా ప్రాణాలిచ్చారు. వాళ్ళ త్యాగం వృథా అని ఇంకొకరు పాట కట్టి పాడితే, వాళ్ళ మనవలు ఎలా వినాలి?

మీరు చెప్పిన పాట నేను వినలేదు. విని మళ్ళీ రాస్తాను. నా అభ్యంతరం మాత్రం అందరూ ఆలోచించాలని మనవి.

సిడ్నీ_శ్రోత:

హవల్దారు గారూ, మీ అభ్యంతరం న్యాయమైనది. దానికి సమాధానంగా ఇక్కడ జరిగిన ఒక సంగతి చెప్పాలి.

1983లో రెడ్‌గమ్ అనే బృందం 'ఐ వాజ్ ఓన్లీ నైన్‌టీన్' అనే పాట విడుదల చేసింది. రాసి పాడిన జాన్ షూమన్ వియత్నాం వెళ్ళినవారు కారు. అక్కడ పోరాడి వచ్చిన తన బావమరిది చెప్పిన అనుభవాలను పాటగా మలిచారు. మనిషి చంద్రుడి మీద కాలు మోపిన 1969 జూలై నాటి ఒక మందుపాతర పేలుడు, అడవుల మీద చల్లిన రసాయనం వల్ల వచ్చిన దద్దుర్లు, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని భయాలు, ఇవీ అందులోని విషయాలు. ఆ పాట ఆస్ట్రేలియాలో మొదటి స్థానానికి చేరింది. దాని రాబడి వియత్నాం మాజీ సైనికుల సంఘానికి వెళ్ళింది. అంతవరకు తమ గోడు వినేవారు లేక కుమిలిపోయిన మాజీ సైనికులే దాన్ని తమ పాటగా స్వీకరించారు. నాలుగేళ్ళ తరువాత, 1987 అక్టోబరులో సిడ్నీలో వాళ్ళకు ఆలస్యంగా స్వాగత కవాతు జరిగింది. ఆ మార్పు ఒక్క పాటతోనే వచ్చిందని నేను అనను. అయితే పాట వచ్చాక ఆ మనుషుల వైపు జనం చూసే చూపు మారిందని ఆ తరంవారు చెప్పగా విన్నాను.

బోగల్ పాటలోనూ అంతే. అందులో నింద సైనికుడి మీద లేదు.

కృష్ణాతీరం:

ఆఖరి వాక్యం దగ్గరే అసలు విషయం ఉందని నాకు తోస్తోంది. ఒక యుద్ధ వ్యతిరేక గీతం ఎవరిని నిలదీస్తోంది అన్న దాన్ని బట్టే దాని ఆయుష్షు ఉంటుందేమో చూద్దాం.

ఫ్రాన్సులో బోరిస్ వియాన్ 1954లో రాసిన 'ల దెజెర్తర్' దేశాధ్యక్షుడికి రాసిన లేఖ రూపంలో ఉంటుంది. తాను యుద్ధానికి రానని, పారిపోతానని ఒక సామాన్యుడు ఎంతో మర్యాదగా విన్నవించుకుంటాడు. మొదట రాసిన ముగింపులో అతడు తన దగ్గర తుపాకీ ఉందని, కాల్చడం తనకు వచ్చునని హెచ్చరిస్తాడు. గాయకుడు ములూజీ సూచనతో దాన్ని తిరగరాసి, తన దగ్గర ఆయుధమేమీ లేదని, వచ్చే భటులు కాల్చుకోవచ్చని చెప్పే ముగింపు పెట్టారు. ములూజీ దాన్ని మొదటిసారి పాడిన 1954 మే 7వ తేదీన వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. వెంటనే అల్జీరియా యుద్ధం రావడంతో రేడియోలో ఆ పాట మీద ఏళ్ళ తరబడి నిషేధం నడిచింది. ఇక్కడ నిలదీసింది పాలకుణ్ణి.

1964లో బఫీ సెయింట్-మేరీ పాడిన 'యూనివర్సల్ సోల్జర్' దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. అన్ని దేశాల, అన్ని మతాల సైనికులనూ ఒక్కడిగా చూపి, నువ్వు ఒప్పుకోకపోతే ఏ నియంతా యుద్ధం చేయలేడు కదా అని సైనికుణ్ణే నిలదీస్తుంది. ఆ తర్కం పదునైనది. హవల్దారు గారి బాధ కూడా ఇలాంటి పాటల గురించే అయి ఉంటుంది.

బోగల్ పాట ఈ ఇద్దరినీ వదిలిపెట్టి, రేవులో నిలబడ్డ జనం వైపు తిరిగింది. వెళ్ళేటప్పుడు జెండాలు ఊపినవాళ్ళూ, వచ్చేటప్పుడు ముఖం తిప్పుకున్నవాళ్ళూ ఒకరే. పాట వింటున్న మనమంతా ఆ గుంపులోనే ఉన్నాం. పాలకులు మారిపోతారు, నిర్బంధ చట్టాలు రద్దవుతాయి, కానీ ఆ గుంపు ప్రతి దేశంలో, ప్రతి తరంలో ఉంటుంది కనుక ఈ పాట పాతబడే వీలు లేదు.

చరిత్ర_విద్యార్థి:

పాట మీద గౌరవంతోనే రెండు పొరపాట్లు చెప్పాలి. ఆస్ట్రేలియన్లు 1915 ఏప్రిల్‌లో దిగిన చోటును ఆన్‌జాక్ కోవ్ అంటారు. పాటలో పేర్కొన్న సువ్లా అఖాతంలో ఆగస్టులో దిగినవారు ప్రధానంగా బ్రిటిష్ దళాలు. ఇక పాటలో సైనికుడికి ఇచ్చిన ఇనుప టోపీ 1915 నాటికి ఇంకా రాలేదు, 1916లో గానీ అవి సైనికుల తలలకెక్కలేదు. చారిత్రక గీతమని చెప్పుకునేదానిలో ఇటువంటివి ఉంటే, మిగతా దాన్ని మాత్రం ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న వస్తుంది.

శ్రుతిలయ:

చరిత్ర విద్యార్థి గారూ, ఆ లోపాలు నిజమే. అయితే శ్రోత నమ్మేది తేదీలను కాదు, ఆ ముసలివాడి గొంతును. తనకోసం ఏడవడానికి రేవులో ఎవరూ లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నానని అతడు అంటాడు చూశారా, అక్కడ ఇక చరిత్ర పుస్తకం ఏమీ చేయలేదు. తల్లిదండ్రులు, భార్య తనను ఆ స్థితిలో చూడకూడదనుకునే మనిషి సిగ్గు అది. ఇంత సూక్ష్మమైన విషయాన్ని, ఏ యుద్ధానికీ వెళ్ళని ఇరవై ఆరేడేళ్ళ యువకుడు ఎలా పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చరిత్ర_విద్యార్థి:

ఆ మాట ఒప్పుకుంటాను. ఇంకో పొరపాటు గురించి చెప్పనివ్వండి, ఇది ఆలోచింపజేసేది. ఏడాదికేడాది నడిచేవారు తగ్గిపోతున్నారని, ఒకరోజు ఎవ్వరూ మిగలరని పాట చెబుతుంది. గల్లిపోలిలో పాల్గొన్నవారిలో చివరివాడు, టాస్మేనియాకు చెందిన అలెక్ క్యాంప్‌బెల్, 2002 మే నెలలో 103 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ మేరకు పాట నిజమైంది. కానీ కవాతు ఆగలేదు. 1990ల నుంచి ఆన్‌జాక్ వేకువ సభలకు వచ్చే జనం పెరుగుతూ వచ్చారు. తాతల పతకాలు తగిలించుకుని మునిమనవలు నడుస్తున్నారు. బోగల్ ఊహించినది జరగలేదు. ఇది పాట ఓటమి అని అనుకోవాలా?

సిడ్నీ_శ్రోత:

నేను అలా అనుకోను. 1971లో ఈ పాట ఒక అలవాటు చచ్చిపోతోందని చెప్పింది, ఈ రోజున అదే పాట పెరుగుతున్న జనసమూహంలో నిలబడి ఎందుకు నడుస్తున్నామని అడుగుతోంది. ప్రశ్న ఇప్పుడు మరింత సూటిగా తగులుతోంది. ఏప్రిల్ 25 వేకువన వేలాదిమందితో కలిసి నిలబడినప్పుడు, చుట్టూ ఉన్న కుర్రవాళ్ళ ముఖాలు చూస్తూ నేను ఈ పాటనే తలుచుకుంటాను.

పద్యప్రియ:

ఈ చర్చ చదువుతుంటే నాకు తిక్కన గారి స్త్రీపర్వం మనసులో మెదులుతూనే ఉంది. యుద్ధం గెలిచినవారి కథ ముగిశాక, వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో గాంధారి రణభూమిని చూస్తూ, ఒక్కొక్క శవాన్నీ, దాని మీద పడి ఏడ్చే స్త్రీనీ కృష్ణుడికి చూపుతుంది. శత్రువని, మనవాడని భేదం లేదు. అభిమన్యుడి దగ్గర ఉత్తరను చూపినప్పుడు ఆమె గొంతులోని జాలి, తన కొడుకుల మీది జాలికి తీసిపోదు. ఆ వరుస ముగిసేసరికి ఆమె ఏడుపు నిందగా మారుతుంది. ఆపగలిగి ఉండీ ఆపలేదే అని కృష్ణుణ్ణే నిలదీసి శపిస్తుంది.

కృష్ణాతీరం గారు చెప్పిన విషయానికి ఇది దగ్గరగా ఉందని నా ఉద్దేశం. చూస్తూ ఊరుకున్నవాడిని అడిగే ప్రశ్న అది. బోగల్ పాటలో కూడా, మేం మావాళ్ళను పూడ్చుకున్నాం, టర్కులు వాళ్ళవాళ్ళను పూడ్చుకున్నారు అన్న తీరులో ఒక మాట వస్తుంది. శత్రువు మీద ద్వేషం అక్కడితో కరిగిపోతుంది.

వోల్గా_యాత్రికుడు:

పద్యప్రియ గారు ఏడుపు నిందగా మారడం గురించి రాసినది చదివాక, నేను రాయాలనుకున్నదానికి దారి దొరికింది. శోకగీతం వేరు, నిరసన గీతం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎంత సన్ననిదో చూపే ఉదాహరణలు రెండు ఉన్నాయి.

దాగెస్తాన్ కవి రసూల్ గమ్జాతోవ్ హిరోషిమాకు వెళ్ళినప్పుడు, అణుబాంబు వల్ల వచ్చిన రక్తక్యాన్సర్‌తో చనిపోయిన సడాకో ససాకి అనే బాలిక స్మారకాన్ని చూశారు. ఆ అమ్మాయి కాగితపు కొంగలు మడిచిన కథ ఆయనను వెంటాడింది. యుద్ధంలో చనిపోయిన సైనికులు మట్టిలో కలవకుండా తెల్ల కొంగలై ఎగిరిపోయారని తన అవర్ భాషలో కవిత రాశారు. రష్యన్‌లోకి వచ్చిన ఆ కవితకు యాన్ ఫ్రెంకెల్ బాణీ కట్టగా, గాయకుడు మార్క్ బెర్నెస్ 1969లో పాడి రికార్డు చేశారు. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో మరణానికి చేరువలో ఉన్నారు. ఆ ఆగస్టులోనే పోయారు. ఎగిరే బారులో ఒక చిన్న ఖాళీ ఉందని, అది తనకోసమేనేమోనని ఆ గొంతు పాడుతుంటే నేను ఒక్కసారి కూడా కళ్ళు తడవకుండా వినలేకపోయాను. ఆ పాట ఎవరినీ నిలదీయదు. అందుకే సోవియట్ ప్రభుత్వానికి, తరువాతి ప్రభుత్వాలకు దానితో ఏ ఇబ్బందీ రాలేదు. స్మారకాల మీద కొంగలు వెలిశాయి, యుద్ధ విజయ దినోత్సవాల్లో ఆ పాట మోగుతుంది.

రెండోది బోగల్ గారిదే. ఫ్రాన్సులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి సమాధులను చూసి వచ్చాక ఆయన 'నో మ్యాన్స్ ల్యాండ్' రాశారు. పంతొమ్మిదేళ్ళకు, 1916లో చనిపోయిన ఒక సైనికుడి సమాధి పక్కన కూర్చుని, అతనితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చివరికి వచ్చేసరికి, ఈ యుద్ధంతో యుద్ధాలన్నీ ఆగిపోతాయని నువ్వు నిజంగా నమ్మావా, అదంతా మళ్ళీ మళ్ళీ జరిగింది కదా అని అంటుంది. 2014లో బ్రిటన్‌లో మాజీ సైనికుల సంక్షేమం చూసే రాయల్ బ్రిటిష్ లీజియన్ తన విరాళాల సేకరణకు దాన్ని జాస్ స్టోన్ చేత పాడించి విడుదల చేసినప్పుడు, ఆ చివరి చరణాలను వదిలేశారు. యువకుడి సమాధి, పూలు, కన్నీరు మిగిలాయి, ప్రశ్న పోయింది. ఎంతోమంది నిరసన తెలిపారు. చరణాలు తీసేయడం తనకు సమ్మతం కాదని బోగల్ కూడా చెప్పారు. ఆ రూపంలో పాట శ్రావ్యంగానే ఉంది, వింటే దుఃఖం కూడా వస్తుంది. కానీ ఆ దుఃఖం విన్నవాడిని ఏమీ అడగదు. నన్నడిగితే అది పాటకు చేసిన అన్యాయమే.

మాజీ_హవల్దారు:

పాట విన్నాను. ముందు జూన్ టేబర్ 1976లో వాద్యాలేవీ లేకుండా ఒక్క గొంతుతో పాడినది, తరువాత 1985 నాటి పోగ్స్ బృందం వారిది విన్నాను. మొదటిదే నాకు ఎక్కువ పట్టుకుంది.

నా మొదటి అభ్యంతరం ఈ పాటకు వర్తించదు. ఇందులో సైనికుణ్ణి ఎక్కడా తక్కువ చేయలేదు. పైగా మేము బయటికి చెప్పుకోనివి ఇందులో ఉన్నాయి. మా రెజిమెంటులో గాయపడి సెలవు మీద ఇంటికి వెళ్ళినవాళ్ళను నేను చూశాను. ఊళ్ళో మొదటి వారం పూలదండలుంటాయి. ఆ తరువాత పింఛను కాగితాల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగేటప్పుడు పక్కన ఎవ్వరూ ఉండరు. ఆ ముఖం తిప్పుకోవడం మన దగ్గరా ఉంది.

కానీ 'యూనివర్సల్ సోల్జర్' విషయంలో నా మాట నాదే. చివరి తప్పంతా తుపాకీ పట్టినవాడిదని అనడం తేలిక. పొలం లేక, చదువు లేక, తమ్ముళ్ళను చదివించడానికి సైన్యంలో చేరినవాడికి ఉన్న ఎంపిక ఎంత? ఆ పాట రాసినవారు ఆ ఇంటి లోపలికి వచ్చి చూడలేదు.

కృష్ణాతీరం:

హవల్దారు గారూ, మీరు విని మళ్ళీ వచ్చి రాసినందుకు కృతజ్ఞతలు. ఒక్క చిన్న సవరణ. వియత్నాంలో అమెరికా సేనలు పోరాటంలో లేవని ప్రభుత్వం చెబుతున్న రోజుల్లో, అక్కడి నుంచి తెచ్చిన క్షతగాత్రులను శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో చూసి 'యూనివర్సల్ సోల్జర్' రాశానని బఫీ సెయింట్-మేరీ చెప్పారు. కాబట్టి గాయపడిన సైనికుణ్ణి చూడకుండా రాసినది కాదు. అయినా పేదరికం గురించి మీరన్నదానికి ఆ పాటలో జవాబు లేదన్నది నిజం.

కొత్తసభ్యుడు_వరంగల్:

పెద్దలందరికీ నమస్కారం. నాకు ఒక సందేహం. ఇన్ని గొప్ప పాటలు వచ్చినా ఏ యుద్ధమూ పాటతో ఆగలేదు కదా. మరి మనల్ని ఏడిపించడం తప్ప వీటివల్ల జరిగిందేమిటి? ఈ మాట తేలిగ్గా అడగడం లేదు. ఇప్పటి యుద్ధాల దృశ్యాలు రోజూ ఫోనులో చూసి, ఆ రాత్రే ఈ పాటలు వింటే నాకు నిస్సహాయత మాత్రమే మిగులుతోంది.

కృష్ణాతీరం:

తమ్ముడూ, నీ ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఒక సంఘటన చెబుతాను. పీట్ సీగర్ 1967లో 'వేస్ట్ డీప్ ఇన్ ద బిగ్ మడ్డీ' అనే పాట రాశారు. 1942లో లూసియానాలో శిక్షణలో ఉన్న ఒక దళం, లోతు తెలియని నదిని దాటమని అధికారి హుకుం ఇవ్వడంతో ముందుకు సాగుతుంది. నడుము లోతు, మెడ లోతు అయినా అతడు ఆగమనడు, చివరికి తానే మునిగిపోతాడు. వియత్నాం అన్న పేరు పాటలో లేదు. కానీ ఆ మూర్ఖుడైన అధికారి అధ్యక్షుడు జాన్సనేనని అందరికీ అర్థమైంది. ఆ సెప్టెంబరులో టెలివిజన్ కార్యక్రమానికి పాడితే, సీబీఎస్ సంస్థ ఆ భాగాన్ని కత్తిరించింది. కార్యక్రమ నిర్వాహకులైన స్మదర్స్ సోదరులు ఊరుకోలేదు, పత్రికలూ అడిగాయి. చివరకు 1968 ఫిబ్రవరి 25న అదే సంస్థ ఆ పాటను లక్షలాది ఇళ్ళకు ప్రసారం చేయవలసి వచ్చింది. రెండు రోజుల తరువాత, అదే సంస్థ ప్రధాన వార్తా వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ ఈ యుద్ధంలో ప్రతిష్టంభన ఏర్పడిందని బహిరంగంగా చెప్పారు. ఒకటి రెండోదానికి కారణమని నేను అనను. అప్పటిదాకా వేలమంది గుండెల్లో విడివిడిగా ఉన్న మాటను బయట, అందరి ఎదుటా పలకగలిగే స్థితి రావడంలో పాటకు భాగముంది. వాళ్ళు దాన్ని కత్తిరించింది అది పనికిరానిదని కాదు కదా.

నీ నిస్సహాయత మాటకొస్తే, ఇవి ఒంటరిగా ఫోనులో వినడానికి పుట్టిన పాటలు కావు. బోగల్ పాట 1974లో బ్రిస్బేన్ జానపద ఉత్సవంలోని పోటీలో మూడో స్థానమే పొందింది. అక్కడ విన్న ఒక గాయని దాన్ని నేర్చుకుని ఇంగ్లండులో పాడింది. ఆమె నోట విన్న మరొకరు ఇంకొకచోట పాడారు. రికార్డుల కంపెనీలు పట్టించుకోకముందే అది అలా నోటినుంచి నోటికి సముద్రాలు దాటింది. నీకు పాడే అలవాటుంటే, నీ మిత్రులను కూడగట్టి పాడు. వరంగల్‌లో అటువంటి పాటకు వినేవాళ్ళు కరవవుతారని నేను అనుకోను.

శ్రుతిలయ:

వరంగల్ మిత్రుడు పాడదలిస్తే బోగల్ పాట ఐదు చరణాలూ పాడమని నా కోరిక. నిడివి ఎక్కువని నాలుగో చరణాన్ని, అంటే రేవులో జనం ముఖం తిప్పుకునే దాన్ని వదిలేసిన ప్రదర్శన ఒకటి విన్నాను. అది తీసేస్తే చివరి చరణంలోని ప్రశ్నకు ఆధారమే ఉండదు. బోగల్ స్వయంగా ఎనిమిది చరణాలు రాసి ఐదుకు కుదించారు. ఆయన కోత కోశాక ఇంకా కోయడానికి అందులో ఏమీ మిగలలేదు. శ్రుతి తక్కువగా పెట్టుకుని, తాళం లేకుండా, కథ చెబుతున్నట్టు మొదలుపెట్టండి. రెండో చరణంలో గొంతు పెంచాలనిపిస్తుంది, పెంచకండి.